ఉప్పుగాలిలో ఇంటి సామాను

పాతకాలపు సామాను గట్టిదనియు, నేటి సరకు నాలుగునాళ్ళ ముచ్చటయనియు మన యిండ్లలో పెద్దలు చెప్పుచుందురు. పిన్నలు విని యూరకుందురు. ఈ మాటలోని నిజానిజములను తేల్చుకొనగోరువారు సముద్రతీరమున నొక యూరికి పోయి, అచ్చటి వంటయిండ్లను, పెరళ్ళను, పడవలు నిలుపు ఇసుకతిన్నెలను ఓపికతో పరిశీలించిన చాలునని నా నమ్మకము. ఏలయన, మెట్టసీమలో చిరకాలమునకు గాని కనబడని వార్ధకము తీరమున నాలుగైదు వర్షర్తువులకే వస్తువులమీద పొడసూపును. ఒక తరమునకు గాని తెలియరాని సంగతి కొలది యేండ్లలోనే తెలిసిపోవును. నెల్లూరునకు తూర్పుగా, ఇందుకూరుపేట మండలములో, పెన్న సముద్రమున కలియు తావునకు దక్షిణమున నున్న మైపాడు అట్టి యూరు.

నెల్లూరినుండి మైపాటికి సుమారు 25 కిలోమీటర్ల బాట. అది చాలవఱకు పెన్న కాలువలు తడుపు వరిచేల నడుమ సాగి, తుదకు తాటితోపులును సరుగుడుతోటలును గల ఇసుకనేలలోనికి దిగును. పడమట సేద్యగాండ్ర యిండ్లు, తూర్పున చేపలవేటతో బ్రదుకు పట్టపువారి పల్లెలు. ఈ రెండు తెగల సంసారముల మీదను గాలి యొక్కటే. కెరటము విఱిగినపుడు ఎగయు తుంపరలలోని నీరు గాలిలోనే యింకిపోగా, మిగిలిన సూక్ష్మమైన లవణకణములు తూర్పుగాలితో యిండ్లలోనికి వచ్చి, కిటికీ చువ్వలమీదను, తలుపు బందులమీదను, గిన్నెలమీదను కంటికి కానరాకుండ నిలుచును. రాత్రి మంచువేళ నా యుప్పు చెమ్మను పీల్చుకొని కరగును. లోహములు తమ్ము తాము కాపాడుకొనుటకై పైని ఏర్పరచుకొను పలుచని పొరను ఛేదించుటలో ఉప్పులోని క్లోరైడునకు సాటివచ్చునది లేదు. ఆ పొర చినిగిన చోట తుప్పును చిలుమును చొరబడి లోనికి తొలుచుకొనిపోవును. కావున మైపాటిలో నొక వస్తువు నిలిచినదన్న, అది కఠినమైన పరీక్షకు నిలిచినదనియే యనుకొనవలెను.

ఈ యూళ్ళలో నూటయేబది యేండ్లకు పూర్వము సామాన్యుని యింట నుండిన సామాను మిక్కిలి స్వల్పము. మట్టి, తాటాకు, కఱ్ఱ, రాయి అను నాలుగింటితోనే కాపురము జరిగిపోయెడిది. లోహపాత్ర యనగా కలిగినవారి యింట నొకటి రెండు. ఈ స్థితిని మార్చినవి దారులు. 1806లో చెన్నపట్టణమునుండి ఎన్నూరు దిక్కుగా త్రవ్వ నారంభించిన ఉప్పునీటికాలువ క్రమక్రమముగా నుత్తరమునకు పెరిగి నెల్లూరు తీరమును దాటెను. 1876-78 నాటి ఘోరక్షామమున కూలికై వచ్చిన కఱవుజనము చేతులమీదుగా దానిలో పెద్దభాగము నడిచెను. 1878లో అది నాటి మద్రాసు గవర్నరైన బకింగ్‌హాం ప్రభువు పేరు దాల్చెను. ఉప్పును, వంటచెఱకును చెన్నపట్టణమునకు మోసిన ఆ కాలువ పడవలవలన ఆ పట్టణపు సరకు తీరపు పల్లెలకు చేరువయ్యెను. ఆ శతాబ్దాంతమున రైలుదారి వచ్చినపిమ్మట నీ చేరువ మఱింత హెచ్చెను.

ఇచ్చట నొక సంగతి మఱువరాదు. తాతముత్తాతల సొమ్మని మనము మురిసిపోవు ఇత్తడి బిందెలలో పెక్కింటి రేకు మన దేశమున పుట్టినది కాదు. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున ఇంగ్లండు మొదలగు దేశముల యంత్రశాలలలో సాగదీయబడిన రాగిరేకులు, ఇత్తడిరేకులు ఓడలమీద మన రేవులకు దిగుచుండగా, మన కంచరులు మూసలో లోహము కరగించు శ్రమను చాలవఱకు మాని, ఆ రేకునే సుత్తితో మలచి బిందెలును కాగులును చేసిరి. అనగా నేడు మనకు పురాతనముగా తోచు వస్తువు తన కాలమున క్రొత్తదే. మట్టికుండను ఓరకు నెట్టి వంటయింట చొచ్చినదే. కావున పాతది, క్రొత్తది యను విభాగముకంటె, చెడినపుడు దాని నెవరు బాగుచేయుదురు, ఎంత దూరమున నున్నవారు బాగుచేయుదురు అను ప్రశ్నయే ప్రధానమని నాకు తోచుచున్నది.

ఆ బిందె జీవితమును కొంచెము దగ్గరగా చూతము. పెండ్లినాడు సారెలో వచ్చిన బిందె మెడచుట్టును, సన్నని ఉలితో చుక్కలు చుక్కలుగా పొడిచిన ఇంటిపేరు మొదటి యక్షరమును, ఆడుపడుచు పేరును, ఒకొక్కప్పుడు తేదియు నుండును. ఏండ్ల తరబడి చింతపండుతోను బూడిదతోను తోమగా తోమగా ఆ చుక్కల యంచు లరిగి, అక్షరములు కంటికి కంటె వ్రేలికొనకే తేటగా తెలియును. వ్రాతప్రతులు నిలువని ఈ తీరమున, ఏ యింటి పిల్ల ఏ యేట ఏ యింటికి వచ్చినదో చెప్పు శాసనము లివియే. ఆ బిందె నీళ్ళు మోయుటతో నూరకుండునదియు కాదు. వేట సాగని దినములలో నది షావుకారి యింటికి కుదువపోయి, చేపలు పడిననాడు మరలివచ్చెడిది. అడుగున చిల్లిపడినచో మాటు వేయించెడివారు. మాటు నిలువని నాడు దానిని తూకమునకు వేసి, తరుగును మజూరియు మాత్రము చెల్లించి, క్రొత్త బిందె తెచ్చుకొనెడివారు. ఇట్లు రూపము మాఱినను లోహము నశింపక, ఒక కోడలి బిందె మఱియొక కూతురి బిందెగా మరల పెండ్లిపందిటికి వచ్చుచుండెను.

అయినను మైపాటి గాలికి ఇత్తడి అజేయము కాదు. రాగితో కలసియున్న తుత్తునాగమును ఉప్పుచెమ్మ మెల్లమెల్లగా లాగివేయగా, పసుపుపచ్చని బిందెమీద నచ్చటచ్చట నెఱ్ఱని మచ్చలు తేలును. ఆ మచ్చక్రింద లోహము గుల్లబారియుండును. ఓడల యంత్రములలోని ఇత్తడి గొట్టములకు నీ రోగమే పట్టగా, నూటికి ఒక పాలు తగరము చేర్చినచో నది తగ్గునని 19వ శతాబ్దిలోనే పాశ్చాత్యులు కనుగొనిరి. నూటికి ఇరువదిపాళ్ళకు తక్కువకాని తగరము గల మన కంచు ఉప్పుగాలి నింకను బాగుగా నోర్చును. కాని కంచుపళ్ళెము చేయిజాఱి బండమీద పడినచో పగులును, పగిలినది అతుకదు. ఏ లోహమునకు నుండు మర్మము దానికి కలదు.

ఇత్తడికి నిజమైన యాయువు పోసినవాడు కళాయివాడు. పులుసుగాని పెరుగుగాని తాకిన ఇత్తడి చిలుమెక్కి విషతుల్యమగును. కావున వంటకు వాడు పాత్రకు లోపల తగరపు పూత యుండితీరవలయును. పాత్రలకు కళాయి పోస్తామని వీథిలో కేకవేయుచు వచ్చు సాయిబు చెట్టునీడను చిన్న గుంట త్రవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తి యమర్చును. ఇసుకతో తోమిన గంగాళమును నిప్పులపైని త్రిప్పుచు కాచి, అది తగినంత వేడెక్కినదని చూపుతోనే యెఱిగి, చిటికెడు నవాసారపు పొడి చల్లును. గుప్పున తెల్లని పొగ లేచి ముక్కుపుటములను దహించును. ఆ పొగలోనే తగరపు కడ్డీని లోపలి గోడకు తాకించి, కరగిన బొట్టును దూదితో నొక్క విసురున చుట్టును పులుమగా, మసిబారిన లోపలిభాగము చూచుచుండగనే వెండివలె తెల్లనగును. తగరము 232 డిగ్రీల సెంటిగ్రేడునకే కరగును గాన, ఏమఱపాటున ఖాళీగిన్నెను పొయ్యిమీద నుంచిన యిల్లాలు ఆ పూతనంతయు నొక్కసారిగా పోగొట్టుకొనును. పూత సహజముగా నైనను కొన్ని మాసములకే యరుగును. మరల సాయిబు రావలెను. మనము చిరకాలము నిలుచునని పొగడు పాత్ర, ఏటేట మఱియొకరి చేతి పనితనమును కోరుచు నిలిచినదే కాని తనంతట తాను నిలిచినది కాదు.

ఈ కళాయి బాధను తొలగించుటకే మన చెన్నపట్టణమున నొక మహాప్రయత్నము జరిగినది. ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ఇంజనీరు 1898లో మద్రాసు కళాపాఠశాలలో అల్యూమినియముతో పాత్రలు చేయించ నారంభించెను. భారతదేశమున ఈ లోహముతో పాత్రలు చేయు పరిశ్రమకు అదియే మొదలు. కొలది యేండ్లకే యది ప్రభుత్వపు చేతినుండి కంపెనీ చేతికి పోయెను. నెల్లూరుజిల్లా నాడు మద్రాసు రాజధానిలోనిదే గాన, మన పల్లెలు సిల్వరు గిన్నెలని పిలుచుకొను ఈ పాత్రలు ఇచ్చటికి చేరుట కాటంకము లేకపోయెను. ఇత్తడిలో మూడవవంతు కూడ బరువులేనిది, కళాయి యక్కఱలేనిది, వెల తక్కువైనది: బీదకుటుంబమున కింతకంటె కావలసినదేమి? దానిని నిందించుటకు నాకు మనసొప్పదు. అయినను చింతపులుసును ఉప్పును కలిసినచోట ఆ లోహము నిలువదు. చేపలకు ఉప్పుపట్టించి రాత్రి యంతయు నుంచిన సిల్వరుగిన్నె యడుగున సూదిమొనలవంటి గుంటలు పడి, కొన్నాళ్ళకు దీపమున కెదురుగా పట్టినచో వెలుతురు చుక్కలుగా కనబడును. ఆ చిల్లులకు మాటు నిలువదు; పాతసామాను కొనువాడు దానికి వెల కట్టునేకాని బాగుచేయువాడు లేడు.

ఇక ఈ తీరపు వంటయింట అన్నిటికంటె అల్పాయుష్కమైనది మట్టిచట్టి. అన్నిటికంటె స్థిరముగా నిలిచినదియు నదియే. నెల్లూరు చేపలపులుసునకు చింతపండు పులుపు, కాలమునుబట్టి మామిడికాయ పులుపు ప్రాణము. ఆ పులుపు ఇత్తడిలో చిలుమగును, సిల్వరులో గుంటలు తొలుచును, ఇనుములో నల్లబడును. కాలిన మట్టిని మాత్రము నది యేమియు చేయజాలదు. చట్టి యొక చేయిజాఱుటకు పోవును, నిజమే. కాని పోయిన మఱునాడు అంతటిదే మఱియొకటి కుమ్మరి యింట లభించును, దాని వెల కొంపముంచునదియు కాదు. అడుగంటకుండ కలియబెట్టుటకు గీటుపెట్టని కఱ్ఱతెడ్డు కావలెను. ఇదే జిల్లాలోని ఉదయగిరి కొండప్రాంతమున నేటికిని కొయ్యగరిటెలు చెక్కు కుటుంబములు గలవు. పులుసు మఱునాటికి రుచియెక్కునని చెప్పుచు నిన్నటి చట్టిని దాచు ఇల్లాలికి, ఆ చట్టి తనకంటె ముందు పోవునను చింత లేదు. వస్తువు చిరకాలము నిలువకున్నను, వస్తువు తీరు చిరకాలము నిలుచుట కిది నిదర్శనము.

రాతిసామానునుగూర్చి చెప్పవలసినది కొంచెమే. రోలునకు సన్నెకంటికి ఉప్పుగాలి లెక్కలేదు. నునుపెక్కిన తిరుగలికి కక్కు కొట్టించినచో మరల మొదటి పదును వచ్చును. నేడు పెక్కు పెరళ్ళలో రోలు మూలబడి కోళ్ళకు నీటితొట్టియై యుండుటకు కారణము రోలు చెడుట కాదు, రుబ్బు చేతులు అలయుట. విద్యుద్యంత్రము ఆ స్త్రీలకు మిగిల్చిన ప్రొద్దును తలచుకొనినచో, రోలే మేలైనదని నేను చెప్పజాలను. మన్నికయొక్కటే వస్తువునకు గుణమైనచో ఆడుదాని నడుమునొప్పికి విలువ లేకపోవును. ఇసుకలో చెలమ త్రవ్వి నీరు తోడి నింపిన ఇత్తడిబిందెను తలపైని మోసికొనివచ్చినవారికే ప్లాస్టిక్కు బిందె తేలికదనము తెలియును.

పాతవస్తువులను పొగడునపుడు మనము పడు భ్రమ మఱియొకటి కలదు. అటకమీద మిగిలియున్న గంగాళమును మనము చూతుము. పగిలిన బానలు, చివికిన చాపలు, చీకిన తాళ్ళు, ఎగిరిపోయిన తాటాకు కప్పులు సాక్ష్యమునకు రావు. 1927 నవంబరులో నెల్లూరుమీద విఱుచుకుపడిన తుపానును, 1989 నవంబరులో కావలియొద్ద తీరముదాటిన పెనుతుపానును, 2004 డిసెంబరు 26 నాటి సునామీయును ఈ పల్లెలలోని పాతసామాను నెంత తుడిచిపెట్టినవో చెప్పుట కెవ్వరితరము? మిగిలినది గట్టిది కావుననే మిగిలినది. మిగిలినదానిని చూచి అన్నియు గట్టివే యనుట న్యాయము కాదు.

ఇందులకు వలలే ప్రబలసాక్ష్యము. నూలువలయు జనపనారవలయు ఉప్పునీటిలో త్వరితముగా మురిగిపోవునవి. వేటనుండి వచ్చిన దినమే వానిని మంచినీట కడిగి ఎండవేయవలెను. వగరుగల బెరడుల కషాయమును పెద్ద బానలలో కాచి, దానిలో వలను మాటిమాటికి నానవేయవలెను. కుటుంబమంతయు చేయు ఈ చాకిరికి ఫలముగా వల కొలది మాసము లెక్కువ బ్రదుకును, అంతే. 1957లో కొచ్చిలో కేంద్ర మత్స్యసాంకేతిక సంస్థ వెలసినపిమ్మట దేశమున కృత్రిమపు దారముల పరీక్షలు సాగి, నైలాను వల 1960లనుండి తీరములకు వ్యాపించెను. అది మురుగదు, కషాయము కోరదు, తేలికైనది, ఎక్కువ పట్టునది. ఇచ్చట క్రొత్తది పాతదానిని నిస్సందేహముగా గెలిచినది.

కాని యీ గెలుపులో నొక దారుణము దాగియున్నది. నూలువల తెగి సముద్రము పాలైనచో కొలదికాలమునకే మురిగి మాయమగును. తెగిపోయిన నైలానువల యేండ్ల తరబడి యెవరికొఱకు కాకుండ చేపలను పట్టుచు చంపుచుండును, ఈ తీరమునకు గ్రుడ్లిడవచ్చు సముద్రపు తాబేళ్ళకు నురియగును. మైపాటి యిసుకలో ఎండకు పెళుసెక్కి చిట్లిన బిందెముక్కలును, రంగువెలసిన చెప్పులును, దారపు చిక్కులును చూచినపుడెల్ల నాకు బాధ కలుగును. బిందెగా నది కొన్ని వేసవులను గూడ సరిగా దాటలేదు. చెత్తగా మాత్రము మన మనుమల కాలమునకు నిలుచును. ఇత్తడిబిందె సేవచేసినంత కాలము బిందె, ఆ తరువాత లోహము. ప్లాస్టిక్కు బిందె సేవచేసిన కాలము స్వల్పము, ఆ తరువాతి కాలమే దీర్ఘము. పాతక్రొత్తల మన్నికను పోల్చువా రీ రెండవ లెక్కను విడిచిపెట్టుచున్నారు.

ఇక విద్యుత్సామాను సంగతి. తీరమున నొక యింట శీతలపు పెట్టె తలుపుక్రింద తుప్పు పూచుట, గాలిపంకా మరలు బిగుసుకొనిపోవుట, లోపలి చిన్న పలకమీది సన్నని రాగితీగలు చిలుమెక్కి యంత్రము హఠాత్తుగా మౌనము వహించుట నిత్యవృత్తాంతములు. పూర్వపు యంత్రముల రేకు మందమైనది. తుప్పు తినుటకు తగినంత యినుము దానియందుండెను. నేటిది పలుచనిది, పైపూత యొకచోట చిట్లినచో లోన మిగుల నేమియు లేదు. ఇదంతయు కాలమహిమయే కాదు, కొంత మనుష్యుల సంకల్పమును కలదు. 1924లో జెనీవాలో కూడిన ఐరోపా, అమెరికా విద్యుద్దీపముల వర్తకులు, అంతకుముందు పదిహేనువందల గంటలకు పైగా వెలుగుచుండిన గాజుబుడ్డి వేయిగంటలకు మించి వెలుగరాదని కట్టడిచేసికొని, మించినవారికి జుల్మానా విధించిరి. మరకు బదులు జిగురుతో అతికిన మూతలును, విడిగా దొరకని భాగములును ఆ బుద్ధి సంతతివారే. యంత్రము చెడుట అపరాధము కాదు. విప్పుటకు వీలులేకుండ చేయుట అపరాధము. చిన్న తీగ తెగిన యంత్రమును నెల్లూరునకు మోసికొనిపోగా, బాగుచేయుటకంటె క్రొత్తది కొనుటే చవుకయని విని మరలి వచ్చు కుటుంబముల దుఃఖము నాకు చిన్నదిగా తోచదు.

ఈ తెగులు పాతసామానునకును సోకినది. 1960-80 దశకములలో స్టీలుగిన్నె పెండ్లిసారెలోనికి వచ్చి ఇత్తడిని అంగడికి పంపగా, కళాయివాని పని తగ్గెను. పని తగ్గగా వాని రాక తగ్గెను. వాడు రానందున మిగిలిన ఇత్తడియు వంటకు పనికిరాక పూజగదికో అటకకో చేరెను. ఇత్తడి గట్టిదనము తగ్గలేదు, తగరము కరగుట మానలేదు. నడుమనుండిన మనుష్యుడు పోయెను. పూత లేని పాత్ర కొత్తదైనను వంటకు పనికిరానిదే.

ఇందులకు ప్రతిగా ఆశ గొలుపు సంగతియు నీ తీరమున కలదు. పూర్వము పట్టపువారి తెప్ప తేలికకొయ్య దుంగలను త్రాళ్ళతో బిగించి కట్టినది. వేట ముగిసినపిమ్మట కట్లు విప్పి దుంగలను ఇసుకమీద నారవేసెడివారు. ఆరిన కొయ్యను కడలిపురుగు తొలువదు, నీరుపట్టి బరువెక్కదు. 2004 సునామీ పిమ్మట సహాయముగా వచ్చినవియు, అప్పు చేసి కొన్నవియు నగు ఫైబరు పడవలు ఈ స్థానమును చాలవఱకు నాక్రమించినవి. గాజునారయు రసాయనపు జిగురును గలిసిన ఆ పడవ తుప్పుపట్టదు, పురుగు తినదు. కాని ఒడ్డున రాచుకొని అడుగు పగులును. మొదట నా పగులును బాగుచేయుట దూరపువారి విద్యయనుకొనిరి. నేడు పల్లెలలోని యువకులే పగులుచుట్టును గరుకుకాగితముతో రుద్ది, చెమ్మ యారువఱకు నెండకు విడిచి, గాజునార గుడ్డను తగిన కొలతలకు కత్తిరించి, జిగురులో గట్టిపఱచు మందును పాళము తప్పకుండ కలిపి, పొరమీద పొరగా కుంచెతో నొత్తి గాలిబుడగలను వెలికిదీయుచున్నారు. మందు హెచ్చినచో పూత వేడెక్కి చిట్లుననియు, తగ్గినచో జిగటగనే యుండుననియు వారికి చేతి యలవాటుచేత తెలియును. మాటువేసిన పడవ మఱునాటికో ఆ మఱునాటికో వేటకు పోవును. ఆ పని చేయువారిలో పెక్కండ్ర తండ్రులును తాతలును ఇదే యిసుకమీద దుంగలకు త్రాళ్ళు బిగించినవారే.